నొప్పి దాచే పిల్లలు, నిజం వెతికే కథలు

ఆటల్లో పెరిగిన పదిహేను, పద్దెనిమిదేళ్ల పిల్లలు ఒక నేరం వెనక ఉన్న నిజాన్ని వెతుక్కుంటూ బయలుదేరి, తిరిగి తిరిగి చివరకు తమ ఇంటి గుమ్మం దగ్గరే ఆగవలసివచ్చే నవలలను నేను కొన్నేళ్లుగా ఏరి చదువుతున్నాను. ఇంగ్లీషులో ఇవి ఇప్పుడు బాగానే వస్తున్నాయి. వీటి గురించి మాట్లాడేవారిలో చాలామంది ఆటను కథకు అద్దిన రంగుగానే చూస్తారు. నాయిక హాకీ ఆడినా, జిమ్నాస్టిక్స్ చేసినా ఒకటేననీ, అసలు సంగతి హత్య ఎవరు చేశారన్నదేననీ వారి అభిప్రాయం. నేను దీనితో ఏకీభవించలేను. ఈ కథల్లో రహస్యం పుట్టేదే ఆటలో అని నా వాదన. నొప్పిని పంటి బిగువున భరించి ఆడడాన్ని మనం క్రమశిక్షణ అంటాం, లేచి నిలబడి చప్పట్లు కొడతాం. ఇంట్లో జరిగిన తప్పును గడప దాటనివ్వకపోవడాన్ని పరువు అంటాం. పిల్లలకు ఈ రెండూ ఒకే అలవాటుగా వస్తాయి. ఆ అలవాటును తన ఒంట్లోంచి పెరికి పారేసుకోవడమే ఈ నవలల్లో ఆ పిల్ల చేసే అసలు పరిశోధన. దీన్ని నిరూపించడానికి రెండు నవలల ముగింపులను దాచకుండా చెప్పబోతున్నాను కనుక, వాటిని ముందుగా చదవదలచినవారు ఆ పని చేసి వస్తే మంచిది.

పాతకాలపు పిల్లల డిటెక్టివ్ కథల్లో ఈ చిక్కు లేదు. 1927లో మొదలైన హార్డీ బాయ్స్ కథల్లో ఆ అన్నదమ్ముల తండ్రి పేరుమోసిన డిటెక్టివ్. 1930లో పుట్టిన నాన్సీ డ్రూ తండ్రి ప్లీడరు. నాన్సీ ఈదుతుంది, టెన్నిస్ ఆడుతుంది, కారు నడుపుతుంది. అయితే ఆ ఆటల్లో ఆమెను ఎవరూ సెలక్షన్‌లో నిలబెట్టరు, ఎవరూ జట్టులోంచి తీసివెయ్యరు. చట్టం ఆ పిల్లల ఇంట్లోనే ఉంది, రాత్రి భోజనాల దగ్గర నాన్న చెవిన వేస్తే చాలు, న్యాయం కదులుతుంది. దొంగ ఎప్పుడూ బయటివాడే. ఆ కథలను చిన్నప్పుడు ఇష్టపడినవాళ్లలో నేనూ ఉన్నాను, వాటిని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కాని ఆ పిల్లలకు నేరం అంటే వేసవి సెలవుల్లో ఎదురైన ఒక సాహసం మాత్రమే, దానివల్ల వాళ్లు పోగొట్టుకునేది ఏమీ ఉండదు.

ఆ భరోసాను మొదలంటా తీసివేసిన నవల ఏంజెలీన్ బౌలీ రాసిన ‘ఫైర్‌కీపర్స్ డాటర్’. 2021లో వచ్చింది. మరుసటి ఏడు యువ పాఠకుల సాహిత్యానికి అమెరికాలో ఇచ్చే ప్రింట్జ్ పురస్కారమూ, మిస్టరీ రచనలకు ఇచ్చే ఎడ్గర్ పురస్కారమూ దానికే దక్కాయి. బౌలీ మిషిగన్ రాష్ట్రంలోని సూ సెయింట్ మరీ ప్రాంతపు ఓజిబ్వే తెగ సభ్యురాలు. అమెరికా విద్యాశాఖలో ఆదివాసుల విద్యా విభాగానికి డైరెక్టరుగా పనిచేసిన ఆమె, మధ్యవయసులో ప్రచురించిన తొలి నవల ఇది. కథ 2004లో, మిషిగన్ ఉత్తరపు కొసన, నది దాటితే కెనడా వచ్చే ఊళ్లో జరుగుతుంది. డౌనిస్ ఫొంటేన్‌కు పద్దెనిమిదేళ్లు. తల్లి ఊళ్లో డబ్బూ పరపతీ ఉన్న తెల్లవారి ఇంటి ఆడపడుచు, తండ్రి ఓజిబ్వే వాడు, ఒకప్పుడు ఐస్ హాకీలో ఊరంతా చెప్పుకున్న ఆటగాడు. డౌనిస్ కూడా మగపిల్లల జట్టుతో సమానంగా హాకీ ఆడిన పిల్ల. పుట్టిన సర్టిఫికెట్‌లో తండ్రి పేరు లేనందువల్ల ఆమె తెగ జాబితాలో సభ్యురాలు కాదు. ఇటు తల్లివైపువారికి ఆమెలో తండ్రి కనిపిస్తాడు, అటు తెగవారిలో కొందరికి తల్లి కనిపిస్తుంది.

రచయిత్రి ఈ పిల్లను మనకు పరిచయం చేసే తీరు నాకు ఎంతో నచ్చింది. డౌనిస్ తెల్లవారకముందే లేచి పరుగుకు బయలుదేరుతుంది. ముందుగా ఒక చెట్టు మొదట్లో, తూర్పు దిక్కున, చిటికెడు పొగాకు ఉంచి ప్రార్థన చేసుకుంటుంది. ఆ తెగవారు పూర్వీకుల బోధలుగా చెప్పుకునే ఏడు గుణాలు ఉన్నాయి: ప్రేమ, వినయం, గౌరవం, నిజాయితీ, ధైర్యం, వివేకం, సత్యం. వాటిలో ఒకదాన్ని ఆ రోజుకు తోడుగా కోరుకుంటుంది. తర్వాత పరుగు. మన ఊళ్లలో గ్రౌండులోకి అడుగుపెట్టే ముందు వంగి మట్టిని తాకి కళ్లకద్దుకునే పిల్లలను చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ఒకే మనిషిలో ఆటా, భక్తీ, చావులు చూసిన ఇంటి దుఃఖమూ కలిసి పరుగెత్తడం మొదటి పుటల్లోనే కనిపిస్తుంది. అక్కడే ఇంకొకటి కూడా తెలుస్తుంది. భుజానికి తగిలిన గాయం వల్ల ఆమె ఆట దాదాపు ముగిసిపోయింది, ఆ సంగతిని ఆమె తన వాళ్లలో చాలామంది దగ్గర దాచిపెట్టింది. అంటే నేరం జరగకముందే, హంతకుడు కథలోకి రాకముందే, మన పరిశోధకురాలు తానే ఒక రహస్యాన్ని మోస్తోంది. ఆ రహస్యం దాచడం ఆమెకు ఎవరు నేర్పారు? ఆటే నేర్పింది.

తర్వాత కథ వేగం అందుకుంటుంది. డౌనిస్ ప్రాణస్నేహితురాలు లిలీని ఆమె పాత ప్రేమికుడు డౌనిస్ కళ్లెదుటే కాల్చి చంపి, తానూ కాల్చుకుంటాడు. అతను మెత్ అనే మత్తుమందుకు బానిస. ఆ మందు ఎక్కడ తయారవుతోందో, ఎవరి చేతుల మీదుగా పోతోందో కనిపెట్టడానికి ఎఫ్.బి.ఐ. అప్పటికే ఊళ్లోకి మనిషిని పంపింది. అనుమానం స్థానిక హాకీ జట్టు చుట్టూ తిరుగుతోంది కనుక, అతన్ని కొత్త ఆటగాడి వేషంలో జట్టులోనే చేర్చింది. డౌనిస్‌కు రసాయనశాస్త్రం వచ్చు, చనిపోయిన మేనమామ ఆ సబ్జెక్టు చెప్పిన మాస్టారు. మూలికల సంగతి తెగ పెద్దల దగ్గర తెలుసుకుంది. జట్టు గురించి చెప్పనే అక్కరలేదు. అందుకే అధికారులు ఆమెను ఇన్ఫార్మరుగా ఉండమంటారు, ఆమె ఒప్పుకుంటుంది. వాళ్లకు కావలసింది కేసు. ఆమెకు కావలసింది తన వాళ్లు ఇంకెవరూ చనిపోకుండా ఉండడం. ఈ రెండూ ఒకటి కాదని ఆమెకు త్వరలోనే తెలిసివస్తుంది, నవల మధ్యభాగం బలమంతా ఆ ఎడంలోనే ఉంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు ఊరికే అనలేదు. ప్రభుత్వం, బడ్జెట్, వేషగాళ్లు, ప్రయోగశాలలు అన్నీ ఉన్నవాళ్లకు దొరకనిది ఈ పిల్లకు దొరకడానికి కారణం ఆమె తెలివి ఒక్కటే కాదు. ఎవరి నడకలో మార్పు వచ్చిందో, ఎవరు ఎవరి కళ్లలోకి చూడడం మానేశారో, ఏ మాట లాకర్ రూములో ఒకలాగా బయట ఒకలాగా వినబడుతుందో జట్టులో మెలిగిన మనిషికే తెలుస్తుంది. కాని ఆ తెలివిడి ఆమెను తీసుకుపోయేది ఎక్కడికి? జట్టు కెప్టెన్, తండ్రి ఒకరే అయిన తమ్ముడు, ఊరంతటికీ ముద్దుబిడ్డ అయిన లేవీ దగ్గరికి. ఆమెకు ఆట నేర్పిన కోచ్ దగ్గరికి కూడా. తండ్రిలాంటివాళ్లనుకున్న మగవాళ్లు, తోడబుట్టినవాడు, అందరూ ఒక్క పుస్తకంలో ఆమె చేజారిపోతారు. జేమీ అనే ఆ వేషధారి యువకుడితో నడిచిన ప్రేమకథకు అవసరానికి మించిన చోటు దక్కిందని నాకనిపించినా, చివరకు డౌనిస్ అతని చెయ్యి పట్టుకుని వెళ్లిపోకపోవడం ఆ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది.

కుటుంబ రహస్యం అనగానే మన మనసుకు ఏదో మచ్చ తోస్తుంది. ఈ నవలలో మచ్చతోపాటు హక్కు కూడా రహస్యమైంది. తండ్రి పేరు కాగితం మీద లేకపోవడం వెనక పెద్దల గొడవలున్నాయి, పంతాలున్నాయి, వాటికి మూల్యం చెల్లించింది పిల్ల. తెగ పెద్దలు ఈమె మన బిడ్డేనని వాంగ్మూలాలు రాసి ఇవ్వగా ఆమె సభ్యత్వం పొందే ఘట్టం, లేవీ దొరికిపోయే ఘట్టం కంటే నన్ను ఎక్కువ కదిలించింది. సాక్ష్యం అంటే నేరం రుజువు చేసేదే అనుకుంటాం కదా, ఒక మనిషి ఎవరి బిడ్డో చెప్పే సాక్ష్యాన్ని అపరాధ పరిశోధక నవలలో నేను అంతకుముందు చూడలేదు.

ఇక నొప్పి సంగతి. మా అక్క కూతురు కబడ్డీ ఆడుతుంది, హాస్టల్లో ఉండి శిక్షణ తీసుకుంది. ఒకసారి పండక్కి వచ్చినప్పుడు మోకాలు ఉబ్బి ఉండడం చూసి ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగితే, సెలక్షన్లకు ముందునుంచే అని చెప్పింది. “సార్‌కి చెబితే పక్కన కూర్చోబెడతారు పిన్నీ, అమ్మకి చెబితే ఆట మానిపించేస్తుంది” అన్నది. ఆ మాటలో ఎవరి మీదా ఫిర్యాదు లేదు, లోకం ఇలాగే నడుస్తుందన్నట్టు చెప్పింది. చెప్పితే ఒకవైపు జట్టు పోతుంది, మరోవైపు ఇల్లు ఆటనే తీసేసుకుంటుంది. అందుకని చెప్పకపోవడమే ఆ పిల్ల తెలుసుకున్న లౌక్యం. మోకాలు విషయంలో పనికివచ్చిన ఆ లౌక్యం రేపు అంతకంటే ఘోరమైన విషయంలో కూడా అలాగే పనిచేస్తుందని నాకు ఆ రోజు భయం వేసింది.

ఆ భయం ఊహ కాదని చూపడానికి మళ్లీ మిషిగన్‌కే వెళ్లాలి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో పద్దెనిమిదేళ్ల అమెరికా జిమ్నాస్టు కెరీ స్ట్రగ్ మొదటి వాల్ట్‌లో, అంటే పరుగెత్తుకొచ్చి బల్ల మీదుగా ఎగిరి దూకే అంశంలో, చీలమండ దెబ్బతిన్నా రెండోసారి పరుగెత్తి దూకింది, ఒంటికాలి మీద నిలబడి, కూలబడింది. కోచ్ ఆమెను చేతుల మీద ఎత్తుకుపోతున్న దృశ్యాన్ని లోకం వీరగాథగా చూసింది. ఆ రెండో వాల్ట్ లేకపోయినా జట్టుకు స్వర్ణం వచ్చేదని లెక్కలు తర్వాత చెప్పాయి. అదే 1996లో అమెరికా జిమ్నాస్టిక్స్ సంఘం తన జాతీయ వైద్య సమన్వయకర్తగా లారీ నాసర్‌ను నియమించింది. చికిత్స పేరు చెప్పి అతను ఏళ్ల తరబడి ఎంతమంది బాలికల మీద అత్యాచారాలు చేశాడో తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది. పదిహేనేళ్ల వయసులో అతని చేతుల్లో పడిన రేచెల్ డెన్‌హాలండర్ 2016 సెప్టెంబరులో ఇండియనాపొలిస్ స్టార్ పత్రిక ద్వారా పేరు దాచుకోకుండా మాట్లాడింది. 2018 జనవరిలో మిషిగన్ కోర్టులో ఏడు రోజులపాటు 156 మంది బాధితుల వాంగ్మూలాలు విన్న తర్వాత న్యాయమూర్తి రోజ్‌మరీ అక్విలీనా అతనికి 40 నుంచి 175 ఏళ్ల శిక్ష వేశారు. డెన్‌హాలండర్‌తో సహా కొందరు బాలికల తల్లులు చికిత్స గదిలో ఉండగానే, వారికి కనబడకుండా తాను అడ్డు నిలబడి, అతను ఆ పని చేశాడు. కోర్టులో మొట్టమొదట మాట్లాడిన యువతి ఆటగత్తె కాదు, అతని కుటుంబ స్నేహితుల కూతురు. చిన్నప్పుడు చెబితే కన్నవాళ్లే నమ్మలేదు. ఇంతమంది మాట్లాడినా ఇంత కాలం ఎవరూ వినకపోవడానికి కారణం వెతికితే, ఒంటికాలి మీద నిలబడ్డ ఆ పిల్లకు కొట్టిన చప్పట్లు కూడా అందులో ఉన్నాయని నేను నమ్ముతున్నాను.

ఆ వార్త పత్రికలకెక్కే ముందే, అదే 2016 జులైలో, మేగన్ అబట్ నవల ‘యూ విల్ నో మీ’ విడుదలైంది. నాసర్ కేసుకూ దానికీ సంబంధం లేదు. అందులోని డెవన్ నాక్స్ ఒలింపిక్స్ మీద గురిపెట్టిన జిమ్నాస్టు, పదహారు నిండబోతున్న పిల్ల. పసితనంలో గడ్డి కోసే యంత్రం కింద కాలు పడి రెండు వేళ్లు పోయాయి, ఆ లోపమే ఆమె పట్టుదలకు మూలమని ఇల్లంతా నమ్ముతుంది. జిమ్‌లో అందరికీ తెలిసిన ఒక యువకుణ్ణి కారు గుద్ది చంపి పోతుంది. కథ తల్లి కేటీ మనసులోంచి నడుస్తుంది. తండ్రి ఏదో దాస్తున్నాడని ఆమెకు తోస్తుంది, కారు సంగతి తోస్తుంది, చివరకు ఆ రాత్రి చక్రం పట్టింది తన కూతురేనని తెలుస్తుంది. అప్పుడామె చేసేది ఏమిటంటే, భర్తతో కలిసి ఆ నిజాన్ని తానూ దాచడం. ఇంట్లో ఎవరికంటే ఎక్కువ గమనించేవాడు, ఎవరూ పట్టించుకోనివాడు, చిన్నవాడైన తమ్ముడు డ్రూ. కూతురి కోసం ఇంటి మీద అప్పులు, సెలవుల్లేని ఏళ్లు, తెల్లవారుజాము ప్రయాణాలు, భార్యాభర్తల మధ్య మాటలన్నీ షెడ్యూళ్లే కావడం ఇవన్నీ అబట్ ఎంత ఓపికగా పేర్చిందంటే, ఆ తల్లి తీసుకున్న నిర్ణయం తప్పని తెలిసినా అది ఎక్కడ మొదలైందో వేలుపెట్టి చూపలేం. డౌనిస్ కథ న్యాయం దిశగా నడిస్తే, ఇది దానికి ఎదురు దిశలో నడిచింది. డెవన్ ఆడుతూనే ఉంటుంది. నాకు ఈ రెండో ముగింపే ఎక్కువ భయం కలిగించింది, ఎందుకంటే ఆ ఇంట్లో అందరూ ఒకరినొకరు ప్రేమిస్తున్నారు.

ఇంటి గుట్టు లంకకు చేటు అన్న మాట ఇక్కడ నాకు గుర్తుకొస్తుంది. ఇంట్లో మాట బయట చెప్పకని పిల్లలను హెచ్చరించడానికి ఆ సామెతను వాడతాం. విభీషణుడు రాముడి పక్షం చేరి ధర్మం వైపు నిలిచాడని కథలో విన్నంతసేపు తలలూపుతాం, మన ఇంట్లో ఎవరైనా ఆ పని చేస్తే మాత్రం ఇంటిగుట్టు రచ్చకెక్కించాడంటాం. లంక చెడింది సీతను ఎత్తుకొచ్చినందువల్ల, విభీషణుడు నోరు విప్పినందువల్ల కాదు. తప్పు చేసినవాణ్ణి వదిలి చెప్పినవాణ్ణి నిందించే ఈ తలకిందులు తర్కాన్ని డౌనిస్ లాంటి పాత్రలు నెమ్మదిగా, ఏ ఉపన్యాసమూ లేకుండా సరిచేస్తాయి. తమ్ముణ్ణి ఆమె అసహ్యించుకోదు, అతని మీద ప్రేమ చావకుండానే అతనికి వ్యతిరేకంగా నిలబడుతుంది. ఆ రెండూ ఒకే మనసులో ఉండగలవని పదహారేళ్ల పాఠకురాలికి చెప్పగలిగింది కథ ఒక్కటే.

నిజం బయటపడితే న్యాయం జరిగిపోయినట్టేనని కూడా ఈ నవల నమ్మించదు. కథ నడుస్తుండగా డౌనిస్ మీద ఊళ్లో పెద్దమనిషిగా చలామణి అయ్యే ఒక తెల్లవాడు అత్యాచారం చేస్తాడు. ఆదివాసీ తెగల కోర్టులకు, ఆదివాసులు కానివారిని నేర విచారణ చేసే అధికారం లేదని అమెరికా సుప్రీంకోర్టు 1978లో ఒలిఫాంట్ కేసులో తీర్పు చెప్పింది. 2013లో చేసిన చట్టం గృహహింస కేసుల వరకు ఆ అధికారాన్ని కొంత తిరిగి ఇచ్చింది, అత్యాచార కేసులకు అది విస్తరించింది 2022లో మాత్రమే. కథాకాలం 2004 కనుక డౌనిస్‌కు తెగ కోర్టు తలుపు మూసి ఉంది. దేశాన్ని కదిలించే మత్తుమందు కేసును ఛేదించిన పిల్లకు తన వాళ్ల కోర్టులో తన కేసు పెట్టుకునే చోటు లేకపోయింది. తెగవారు ఉండే దగ్గరి ద్వీపంలోని ఆడవాళ్లు రాత్రివేళ తమ పద్ధతిలో ఒక మగవాణ్ణి దండించే ఘట్టం అందుకే వస్తుంది. దాన్ని చదువుతున్నప్పుడు నాకు ఊరట కలిగింది, ఊరట కలగడం సరేనా అన్న బెంగ కూడా కలిగింది. చట్టం ఖాళీ వదిలిన చోట మనుషులు చేసుకునే ఏర్పాటు అది, దాన్ని న్యాయమని నేను అనలేను, అన్యాయమని తోసిపుచ్చనూ లేను.

ఇంత చీకటి పిల్లలకెందుకని అడిగేవారున్నారు. హత్యలు, మత్తు, అత్యాచారం ఉన్న పుస్తకం పదహారేళ్ల పిల్లకు ఇస్తావా అని మా అక్కే అడిగింది. ఆ ఆందోళన నిజమైనదే, పదేళ్ల పిల్లకు నేను ఇవ్వను. కాని ఆటలో ఉన్న కౌమార వయసు పిల్లలను పెద్దల లోకం ఎప్పుడో పెద్దల విషయాల్లోకి ఈడ్చింది. పరుగు పందాల క్రీడాకారిణి ద్యుతీ చంద్‌కు 2014లో పద్దెనిమిదేళ్లు. ఒంట్లో సహజంగా ఉన్న హార్మోను మోతాదు ఎక్కువన్న కారణం చూపి గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు ముందు ఆమెను జట్టులోంచి తప్పించారు. ఆ మోతాదు తగ్గించుకోవడానికి మందులో, శస్త్రచికిత్సో చేయించుకుంటే తప్ప పోటీకి అనుమతించని నియమాలవి. ఆమె ఆ దారి పట్టకుండా స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జులైలో ఆ న్యాయస్థానం నియమాలను రెండేళ్లపాటు నిలిపివేసింది. ఒడిశా చేనేత కుటుంబపు ఆ పిల్ల తర్వాత మన హైదరాబాద్‌లో, నాగపురి రమేశ్ శిక్షణలో పరుగు సాధన చేసి, 2016 రియో ఒలింపిక్స్‌కు వెళ్లింది. తన శరీరం గురించి పత్రికల్లో, కోర్టుల్లో వాదించుకోవలసిన వయసు అనుకుంటే పద్దెనిమిది ఎవరికైనా చిన్నదే. బతుకులో అంత బరువు మోయగలవారికి పుస్తకంలో మాత్రం ఆ బరువు తగదనడం నాకు సబబుగా తోచదు. నవలలో కనీసం తోడుగా ఇంకొకరి ఆలోచన ఉంటుంది, నచ్చకపోతే పుస్తకం మూసేసే స్వేచ్ఛ ఉంటుంది.

తెలుగులో అపరాధ పరిశోధన నవలలకు కొరత లేదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను, మధుబాబు షాడోను తరాల పాఠకులు అద్దె పుస్తకాల షాపుల్లో వరస కట్టి చదివారు. వాళ్లంతా పెద్దవాళ్లు, మగవాళ్లు, నేరానికి బయట నిలబడి లోపలికి చూసేవాళ్లు. ఆడే ఆడపిల్ల, అందులోనూ హాస్టల్లో ఉంటూ, ఇంటికి వారానికోసారి ఫోను చేస్తూ, సార్ మాటే వేదంగా బతికే పిల్ల, తన జట్టులోనే పోయిన ఒక స్నేహితురాలి గురించి ప్రశ్నలు అడగడం మొదలుపెడితే ఏమవుతుందో రాసిన తెలుగు నవల నాకు ఇంతవరకు తారసపడలేదు. రాయడానికి కావలసినదంతా మన దగ్గర ఉంది. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి కాంస్యం తెచ్చిన తర్వాత శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎంతమంది ఆడపిల్లలు బరువులెత్తడానికి వచ్చారో అటువైపు వారికి తెలుసు. వయసు తగ్గించి రాయించిన సర్టిఫికెట్లు, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీద ఇల్లంతా పెట్టుకున్న ఆశ, ఆ ఆశ కోసం అన్నయ్య చేసిన అప్పు, కోచ్‌కీ నాన్నకీ మధ్య పిల్లకు తెలియకుండా జరిగిన ఒప్పందం, వీటిలో ఏ ఒక్కటి పట్టుకున్నా ఒక మంచి మిస్టరీకి మొదటి అధ్యాయం అవుతుంది. అలాంటి నవల ఎవరైనా రాస్తే, అందులో ఆ పిల్ల మొదట కనిపెట్టేది హంతకుడి పేరు కాకూడదని మాత్రం నా కోరిక. ముందు తన మోకాలు సంగతి ఎవరితోనైనా చెప్పాలి, ఆ విన్న మనిషి ఆమెను నమ్మాలి, అక్కడినుంచి కథ కదలాలి.